జెండా గుడ్డ బాకీ

యానాంలో నాది ఫ్లెక్సీల కొట్టు.
ఎన్నికలొస్తే యంత్రానికి నిద్రుండదు.
ఓడినవాడు ఫోనెత్తడు,
గెలిచినవాడు గుర్తుపట్టడు.
మా వంశానికి ఇది కొత్త కాదు.

మా ముత్తాతకి ముత్తాత, రంగాల అంకన్న,
నీలిపీపాలో మోచేతుల దాకా మునిగి బతికినవాడు.
పాడె మీద కూడా గోళ్లు నీలంగానే ఉన్నాయంటారు.
పరాసు దొర కచేరీ మీద ఎగిరే గుడ్డ
ఆయన అద్దింది, పెళ్లాం పేరంటాలు కుట్టింది.

మొదట తెల్లజెండా అడిగారు.
సముద్రాల అవతల రాజు తిరిగొచ్చాడట.
తెలుపంటే తేలికనుకునేరు!
మాధవాయపాలెం గుడ్డని మేకపెంటలో నానేసి
గౌతమి ఒడ్డున ఎండేసి, తడిపి, ఎండేసి
పదిహేను రోజులు కాకుల్ని తోలాలి.

ఆ రాజు పోయాడు. మూడు రంగులన్నారు.
దాన్ని తుపాను ఎత్తుకుపోయింది,
కోరింగి రేవులో ఓడల్ని ఎత్తుకుపోయినట్టే.
మళ్లీ కుట్టారు.

ఒక వేసవిలో ఓడొచ్చింది, రెండు ఉత్తరాలతో.
మొదటిది: రాజు పారిపోయాడు, ఇక జనమే రాజు,
నీలం పక్కన ఎరుపు, చివర తెలుపు కుట్టించండి.
పేరంటాలు రాత్రంతా ఆముదం దీపం కింద కుట్టింది.
తెల్లారాక దుబాసీ రెండోది విప్పాడు:
తప్పు, పాత వరసే ఉంచండి.
"రాజుని తోలేసినోళ్లకి
గుడ్డ ముక్కల వరస తేలలేదా?"
అంటూ దారం పళ్లతో తెంపింది.

కచేరీ గోడ మీద రాజు పటం పోయి మేకు మిగిలింది.
ఆ మేక్కే ఒక అచ్చుబొమ్మ తగిలించారు:
ఆడమనిషి, నెత్తిన ఎర్రటోపీ,
కాళ్ల దగ్గర తెగిన సంకెల.
అంకన్న ముక్కు ఆనేంత దగ్గరికెళ్లి
"ఈ ఎరుపు చిరివేరుది కాదు,
రెండు వానలకి పోద్ది" అన్నాడు.
"ఎవరి పిల్ల?"
"పిల్ల కాదురా, దేశం" అన్నాడు దుబాసీ.
"పారిసులో జనం వీధిరాళ్లు పీకి
తుపాకులకి అడ్డంగా పేర్చారు, ఆవిడ కోసం."

రాళ్లు పేర్చడం అంకన్నకి తెలుసు.
ఆ ఏడు ఎగువన ధవళేశ్వరంలో
ఇంగిలీసు దొరలు ఏటికి అడ్డంగా పేర్పిస్తున్నారు.
కూలికెళ్లిన బావమరిది చెప్పాడు:
ఆ రాళ్లెక్కి ఎవరూ జెండా పట్టలేదు,
జొరమొచ్చినోణ్ని పక్కకి తీసి
ఇంకోణ్ని నిలబెట్టారంతే.

అంకన్న అడగాలనుకున్నది వేరే.
"ఆ సంకెల తెగిందంటే... మా తమ్ముడొస్తాడా?"
గవర్రాజు చెరకుదీవికి ఓడెక్కి పన్నెండేళ్లు.
దుబాసీ కాగితం తిరగేశాడు. మళ్లీ తిరగేశాడు.
"విడుదల బానిసలకేరా.
మీవోడు నిశానీ పెట్టి వెళ్లాడు, బానిస కాడు.
కాబట్టి..."

ఎవరు చెప్పినా మా ఇంట్లో ఈ కథ
ఆ 'కాబట్టి' దగ్గర కాసేపు ఆగుతుంది.
ఎవరో ఒకరు లేచి మంచినీళ్లు తాగుతారు.

మూడు జెండాల అద్దకం, కుట్టు: పదకొండు రూపాయలు.
రాజుల అప్పు జనరాజ్యం కట్టదన్నారు.
నాలుగేళ్లకి జనరాజ్యం మీద చక్రవర్తి కూర్చున్నాడు,
జనరాజ్యం అప్పు ఆయనకి పట్టదన్నారు.
జెండా మాత్రం దింపలేదు, అదే గుడ్డ.
కర్ర కొసకి పసిడి గద్దొకటి చేయించారు.
కంసాలి ముందే రొక్కం పుచ్చుకున్నాడు,
తెలివైనవాడు.

నిన్న ఒక కుర్రాడొచ్చాడు, కొత్త పార్టీ.
బ్యానర్ మీద ఆడమనిషి బొమ్మ కావాలి,
వెనక సూర్యుడు రావాలి, కాళ్ల కింద సంకెల తెగాలి.
"అడ్వాన్సు" అన్నాను.
"మనవాళ్లం కదన్నా" అన్నాడు.

ఆ 'మన'లో ఎంతమంది పడతారో
చెరకుదీవి దాకా టేపు లాగి
కొలిచి చెప్పరా అందామనుకున్నాను.

ఆరు బై నాలుగా, పది బై ఎనిమిదా,
అని అడిగాను.