పాల కవర్లు

మురంగా కొండవాలున
వంటింటికీ మేకల పాకకీ మధ్య
పదిహేను అడుగుల వెడల్పు, ముప్ఫై పొడవు:
నా కంపెనీ.
పైకప్పు పాత దోమతెర, దాని మీద అరటాకులు.
గేటుకి కట్టిన రేకు మీద
మా చిన్నాడు రాసిన పేరు, "వకొన్యో మొక్కలు",
అందులో ఒక అక్షరం తలకిందులు.
దిద్దనివ్వలేదు. దాన్ని చూసి నవ్వినవాళ్ళు
ఎలాగూ ఆగుతారు కదా.

జ్యూస్ కొట్టు కిమోతో గుజ్జు అమ్ముకుంటాడు,
పారేసిన అవకాడో గింజ నాది.
బడిపిల్లలు సంచుల్లో ఏరుకొస్తారు,
వందకి ఇరవై షిల్లింగులు.
కుళ్ళినవి అడుగున దాస్తారు.
చూడనట్టే ఉంటాను.
ఆ వయసులో కాఫీ పళ్ళ బుట్టలో
రాళ్ళు దాచినదాన్నే.

ఊళ్ళో ఖాళీ పాల కవర్లన్నీ నా ఇంటికే చేరతాయి.
కడిగి, అడుగున నాలుగు చిల్లులు పొడిచి
ఎర్రమట్టి రెండు పాళ్ళు, మేకపెంట ఒక పాలు.
వానకి ముందు రోజుల్లో
పెరడంతా పులిసిన పాల వాసన,
నా దుప్పటి కూడా.

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు.
ఇక్కడ నారు పోసిందీ నేనే,
నీరు పోయాల్సిందీ నేనే.
ఏటి దాకా దిగడం మూడువందల అడుగులు.
ఎక్కడం ఎన్ని అడుగులో
ఇన్నేళ్ళైనా లెక్క తేలలేదు.

పెన్సిల్ లావు కాండానికి ఏటవాలుగా గాటు.
హాస్ కొమ్మ ముక్కని అందులో ఒదిగించి
ప్లాస్టిక్ పట్టీ బిగించి చుడతాను.
అంటు పట్టిందో లేదో
ఆరు వారాలు అడక్కూడదు.
పదిలో మూడు చస్తాయి.
వాటి ధర కూడా
బతికిన ఏడింటి మీదే వేస్తాను.
"మొక్కకి నూటయాభయ్యా!" అంటాడు
నైరోబీ నుంచి కారులో వచ్చిన పెద్దమనిషి.
మీరు కొనేది మొక్కన్నర అని చెప్పను,
నూటనలభైకి ఇచ్చేస్తాను.

ఆ ఏడు ఎన్నికలొచ్చాయి.
లారీల నిండా ఉచిత మొక్కలొచ్చాయి,
ఇంటికి ఐదు, వాటితో పాటు ఒక టోపీ.
నాతో చీటీ కట్టే ఆడవాళ్ళంతా వరసలో ఉన్నారు,
నన్ను చూసి ముఖాలు తిప్పుకున్నారు.
అబద్ధం దేనికి, నేనూ నిలబడ్డాను.
ఐదు తెచ్చుకుని విప్పి చూశాను.
ఒకదానికి అసలు అంటే కట్టలేదు,
పట్టీ మాత్రం చుట్టారు.

నావి ఆరువందల పన్నెండు
అడిగేవాళ్ళు లేక నిలిచిపోయాయి.
చీటీ బాకీకి కుట్టుమిషను పోయింది.
కొన్ని మేకలకి వేశాను.
కొన్ని మేకలే చూసుకున్నాయి.
మూల వరస కూడా తీసేద్దామని
ఒక కవరు పట్టుకు లాగితే
రాలేదు.
అడుగు చీల్చుకుని
వేరు నేలలోకి దిగిపోయింది.
రాతికి కాలు తన్నిపెట్టి లాగాను.
కవరు మీది ఆవు బొమ్మ
కొమ్ముల దగ్గర చిరిగి నా చేతికొచ్చింది.
మొక్క రాలేదు.
"చావు అక్కడే," అన్నాను.

అది వినలేదు.

ఎండాకాలం దాటేసరికి
ఊళ్ళో టోపీలు మిగిలాయి, మొక్కలు మిగల్లేదు.
ఒక్కొక్కరే గేటు దగ్గరికొచ్చారు,
ధర అడక్కుండా మా మేకల క్షేమం అడుగుతూ.

ఎనిమిదేళ్ళైంది.
ఇప్పుడు నేను కట్టే ప్రతి అంటుకీ
కొమ్మ ఆ మూల చెట్టుదే.
కారు పెద్దమనిషి ఈమధ్య మళ్ళీ వచ్చాడు.
దాని కింద నిలబడి, మెడ వెనక్కి వంచి,
"సరిగ్గా ఇలాంటిదే కావాలి," అన్నాడు.
నూట ఎనభై అన్నాను.
బేరమాడాడు. నేను కాయలకేసి చూస్తూ ఊరుకున్నాను.
ఇచ్చాడు.

రాత్రి లాంతరు దగ్గర పుస్తకం తీసి
అమ్మినవి రాశాను, చచ్చినవి రాశాను.
పాత సరుకు పేజీలో
ఏటేటా దించుకుంటున్న ఒక వరస ఉంది,
ఈసారీ దించాను:
అవకాడో, పాల కవరు, మూల వరస, ఒకటి.
ధర నూటయాభై.
ఇంకా అమ్ముడుపోలేదు.