బకెట్టు నిండే లోపు

డబ్బా మీద గంటకి మూడువేల లీటర్లని అచ్చేసి ఉంది,
పక్కనే నవ్వుతున్న నీలం చేప.
అది ఏ సముద్రానిదో నాకు తెలీదు.

స్టోన్‌హౌస్‌పేటలో మా కొట్టు.
మైపాడు నుంచి ఆటోలో క్యాన్లెక్కి వచ్చిన ఉప్పునీళ్ళు
కింద సంపులో నురగ వదిలి,
మోటారు తోస్తే నాలుగున్నర అడుగులెక్కి
పై తొట్టెలో పడాలి.
దారిలో మూడు మోచేతి మలుపులు.
ఒక్కో మలుపు దగ్గర
నీళ్ళు కొంచెం బద్ధకిస్తాయి.

మూడు రోజులుగా చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.
"మూడువేలు తోస్తా ఉంటే ఇదేంది?" అని
షరీఫ్ భాయ్ డబ్బాని ఇంకోసారి చదివాడు.
చేపలకి చదువు రాదు.

పెయింటు బకెట్టులో ఇరవై లీటర్ల దగ్గర గీత గీశాను.
నేల మీద పెట్టి పడితే ధార ఎక్కువ చూపిస్తుంది,
తొట్టె అంచు ఎత్తులోనే పట్టాలి.
స్టూలెక్కి మస్తానమ్మ పట్టుకుంది.
కొట్టు ఊడ్చడానికొచ్చిన మనిషి,
ఊటుకూరు కల్లాల్లో వడ్లు కొలిచిన చేతులు.
నేను ఫోన్లో గడియారం నొక్కాను.
ఆమె నోటితో మొదలెట్టింది:
లాభం, రెండు, మూడు...
ఏడు అనదు. ఆరున్నొక్కటి అంటుంది.

గీత తడిసేసరికి నాకు నలభై ఐదు, ఆమెకి నలభై నాలుగు.
ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందో ఇద్దరికీ తెలుసు.

అంటే గంటకి పదహారొందలు.
షరీఫ్ భాయ్ మళ్ళీ కొలవమన్నాడు.
మళ్ళీ నలభై ఐదే.
మోటారు విప్పాను. రెక్క చుట్టూ సున్నం గార,
సందులో ఆవగింజంత నత్తగుల్ల.
వెనిగర్లో నానేసి, పాత పళ్ళబ్రష్షుతో తోమి, బిగించాను.

ఈసారి ముప్ఫై సెకన్లు.
ఇరవై నాలుగొందలు.

"మిగతా ఆరొందలో?"
"ఎక్కడానికే అయిపోయాయి భాయ్."
ఆయన నమ్మలేదు.
డబ్బాని తుడిచి అద్దాల బీరువాలో,
కొనేవాళ్ళకి కనబడేట్టు పెట్టాడు.

సంపు పక్క గోడ మీద సుద్దతో
తేదీ రాశాను, ఇరవై నాలుగొందలు రాశాను,
కింద వచ్చే నెలకి చోటు వదిలాను.
అప్పటికి ఎంతో కొంత తగ్గే ఉంటుంది.

షట్టరు దించబోతూ చూస్తే
చేపలన్నీ ధారకి ఎదురు తిరిగి
ఉన్నచోటే ఈదుతున్నాయి.
మస్తానమ్మ వాటినీ లెక్కపెడుతోంది,
లాభం దగ్గర్నుంచి.