నడిగీత

ఇంకా ఆరు నిమిషాలుంది.
మనం ముప్పై ఒకటి, సింగరాయకొండోళ్ళు ఇరవై రెండు.
అప్పటికే మా కరేడు కుర్రోళ్ళు కొందరు
టపాకాయల కోసం ఉలవపాడుకి బండేసుకొని పోయినారు.
వాళ్ళు తిరిగొచ్చేసరికి
కాల్చాల్సింది అవతలోళ్ళయింది.

తెల్లారి చెంచమ్మక్క దోసెల బండి కాడ
ఆట ఇంకా అయిపోలా.

"వేలు తగల్లేదబ్బయా, నా రెండు కళ్ళతో చూశా"
అంటాడు మాలకొండయ్య.
రాత్రి ఆయన కళ్ళద్దాలు ఇంటికాడే మరిచొచ్చాడని
అందరికీ తెలుసు.
"తగిలింది వేలు కాదు, గోరు."
"గోరు వేలుది కాదంట్రా? పక్కింటోళ్ళదా?"
"అసలు కూత ముందే ఆగిపోయింది.
ముగ్గురు మీద పడ్డాక ఎవుడికుంటది ఊపిరి?"
"నువ్వేమన్నా ఆడి ముక్కులో కూర్చున్నావా?"

కారం దోసె చల్లారిపోతా ఉంది.
మస్తాను ఎర్రకారం అంటిన వేలితో
బల్ల మీద బరి గీశాడు.
ఇది నడిగీత, ఇది తిరుపాలు, ఇది ఆడి పట్టు,
ఈ చట్నీ చుక్క ఆ పిలగాడి వేలు.
చుక్కకీ గీతకీ మధ్య
చీమ పట్టేంత సందు.
"చూడండి, సందుందా లేదా?"
గీసింది నువ్వే గదరా, అన్నారెవరో.

నాకు పొలమారింది.

చెంచమ్మక్క అట్లకాడతో పెనాన్ని ఒకటి మోది అడిగింది:
"ఒక్క వేలు గురించి ఇంతసేపా?
ఆ వేలు రాకముందు ఎనిమిది పాయింట్లు పోయినియ్యే,
అయ్యెవురు ఎత్తకపోయారు?"
ఎవురూ మాట్లాడలా.
తిరుపాలు రెండుసార్లు ఒంటిగా ఎగబడింది,
జట్టు జట్టంతా ఖాళీ అయ్యి మళ్ళీ లోపలికొచ్చింది,
గెలిచేశామని నిలబడి నీళ్ళు తాగింది,
అయ్యన్నీ అందరం చూసినయ్యే.
చూసినదాని మీద వాదనేముంటది?
నోటికి చూడందే కావాల.

అంతలో ఈలాయన వచ్చాడు.
కొండపి డ్రిల్లు మాస్టారు ప్రభుదాసు.
రాత్రంతా బడి వసారాలో దోమల మధ్య పడుకున్నాడు,
మెడలో ఈల అట్నే ఉంది.
రాత్రి ఆయన్ని ఏమేం తిట్టారో
ఈ బల్లకి తెలుసు.
మాలకొండయ్య లేచి చోటిచ్చాడు.
"రాండి సార్, కూర్చోండి."
మస్తాను మోచేత్తో బరి తుడిచేశాడు.
"సారుకి చట్నీ వెయ్యక్కా."
మాస్టారు తల ఎత్తకుండా రెండు దోసెలు తిన్నాడు.
డబ్బులు ఎవురూ ఇవ్వనీలా.
కందుకూరు బస్సెక్కతా వెనక్కి తిరిగి
"బాగా ఆడారండీ మీ పిలకాయలు" అన్నాడు.
"అంతా మీ దయ సార్."
బస్సు మలుపు తిరిగింది.
"దొంగ నాయాలు" అన్నాడు మాలకొండయ్య.
మళ్ళీ మొదలు.

నేను చెయ్యి కడుక్కొని
బడి మైదానానికి పోయినా.

ఏడేళ్ళుగా బరి గీసేది నేనే.
బొక్క డబ్బాలో ముగ్గుపిండి పోసుకొని
దారం వెంబడి వెనక్కి నడుస్తా, వంగి, వంగి.
విరామంలో నడిగీత మళ్ళీ గియ్యాల.
వంగబోతుంటే కమిటీ వాళ్ళు కేకేశారు.
మామిడి మండీ కోటిలింగం గారు వస్తన్నారు,
వేదిక ముందర ఆయన పేరు రాయి, పెద్దగా.
శ్రీ నుంచి గారు దాకా రాసేసరికి
డబ్బా అడుగు కనపడింది.

ఇప్పుడు చూస్తే
పేరు తెల్లగా అట్నే ఉంది,
చివరి సున్నా కూడా చెరగలా.
దాన్ని తొక్కే ధైర్యం ఎవురికుంటది?
నడిబరిలో మాత్రం అడుగులు, అడుగుల మీద అడుగులు,
మోకాళ్ళు ఈడ్చిన చారలు,
ఒకచోట చెమటకి ముద్దకట్టిన ఇసక.
కూర్చొని వెతికినా.
దొరికింది, బెత్తెడు పొడుగు గాటు,
చివర లోతుగా, గోరు దిగినట్టు.
దానికి అటు గీత లేదు.
ఇటూ లేదు.

బండి కాడికి తిరిగొస్తే
మస్తాను భుజం పట్టుకున్నాడు:
"రేయ్ యేసోబూ, బరి గీసినోడివి, నువ్వే చెప్పు.
తగిలిందా, లేదా?"
అందరూ నా నోటి వంక చూస్తన్నారు.
ఎంత కడిగినా
గోళ్ళ సందుల్లో ఇంకా తెల్లపిండి.
పిడికిలి మూసి
"ఇంకో దోసె వెయ్యక్కా, కారం ఎక్కువగా" అన్నా.