గుటక

చీపురుపల్లి సంత దాటి
పెద్దరోడ్డు ఎక్కే చోట
నా పాత మారుతి గుటక మింగుతుంది.

కాలు తొక్కుతాను. ఏమీ ఉండదు.
ఒకటి, ఒకటిన్నర...
పక్క సీట్లో దిద్దాల్సిన యూనిట్ టెస్టు పేపర్లు
ముందుకి జారి కింద పరుచుకుంటాయి.
అద్దంలో గరివిడి నుంచి మాంగనీసు లారీ
నల్లగా పెద్దదవుతూ ఉంటుంది.
అప్పుడు, ఎవరో వీపు మీద చరిచినట్టు
ఒక్క ఎగురు ఎగిరి కదులుతుంది బండి.

ఇప్పటికి నలుగురు చూశారు.
మొదటాయన బానెట్ ఎత్తకుండానే ప్లగ్గులన్నాడు.
రెండో ఆయన ఫిల్టరు మార్చి, పాతది
నా మొహం ముందు ఊది, చూశారా మేడమ్ అన్నాడు.
ఏం చూశానో తెలీదు, తలూపాను.
విజయనగరం షోరూములో కుర్రాడు
ఇంజను దగ్గు పూర్తికాకముందే
పంపు అనేశాడు. పద్దెనిమిది వందలు.
నాలుగో ఆయన నవ్వాడు:
ఆడోళ్ళు క్లచ్చి మీంచి కాలు తియ్యరండి.

ఐదో మనిషి తవిటినాయుడు.
రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు,
మేకులకి వేలాడే ఫ్యాను బెల్టులు,
పళ్ళెంలో కిరసనాయిలు, అందులో బోల్టులు.
మాట నత్తి ఆయనకి.
మొదటి అక్షరం దగ్గర ఆగి
కళ్ళు మూసుకుని, దవడ బిగించి
అవతలకి దాటేదాకా
షెడ్డు కుర్రాడు బోల్టులు కడుగుతూ ఉంటాడు.
అందించడు.

"నె... నె... నెమ్మదిగా తొక్కితే?"
బాగానే వెళ్తుంది.
"ఒక్కపాలి తొక్కితే?"
అప్పుడే.
"సల్లగున్నప్పుడా, ఏడెక్కినాకా?"
రెండిట్లోనూ.
అందరూ ఏమైంది అని అడిగారు.
ఎప్పుడు అని అడిగింది ఈయనొక్కడే.

ఇంజను ఆపించాడు.
గాలి డబ్బా మూత విప్పి
నట్లు చొక్కా జేబులో వేసుకున్నాడు.
రబ్బరు గొట్టాలు ఒక్కొక్కటీ వంచి
పగుళ్ళ కోసం తడిమాడు,
పసిబిడ్డకి చెవి వెనక జ్వరం చూసినట్టు.
లేవు.
టార్చి నా చేతికిచ్చి
కార్బ్యురేటర్ గొంతులోకి చూడమన్నాడు.
తను లివరు లాగాడు.
లాగీ లాగగానే చిమ్మాలట పెట్రోలు,
సూదిలోంచి మందు చిమ్మినట్టు.
చిమ్మలేదు.
తర్వాత వచ్చాయి రెండు చుక్కలు,
అంచు పట్టుకుని, బద్ధకంగా.

"గ... గాలి ముందొచ్చెత్తాది.
పెట్రోలు ఎనకబడిపోతాది.
ఆ మజ్జిన సందుంది సూడండి, అదే జబ్బు."

పక్కనున్న మూత విప్పితే
రూపాయి బిళ్ళంత రబ్బరు పొర.
ఎండకి ఎత్తి పట్టాడు.
అంచున చిరుగు, వెంట్రుకంత.
దానిలోంచి ఒక గీత వెలుతురు
ఆయన బొటనవేలి మీద పడింది.

డబ్బాలు వెతికి కొత్తది బిగిస్తున్నంతసేపూ
స్టూలు మీద కూర్చున్నాను.
తొమ్మిదో తరగతిలో పైడితల్లి అని ఒక పిల్ల.
లెక్క అడిగితే లేచి నిలబడుతుంది.
పెదవులు కదులుతాయి, మాట రాదు.
ఆరు సెకన్లు. అంతకంటే ఆగను.
నేనే జవాబు చెప్పి కూర్చోమంటాను.
సిలబస్ ఉంది కదా.
కూర్చున్నాక కూడా ఆ పిల్ల నోరు
కాస్త తెరుచుకునే ఉంటుంది.

ఎంతివ్వాలి, అన్నాను.
"ము... ము..."
మూడు వేలా? నా నాలుక మీదికొచ్చేసింది.
పర్సు జిప్పు సగం తీశాను.
కుర్రాడు బోల్టులు కడుగుతున్నాడు.
పట్టాల మీద గూడ్సు పోతోంది,
పెట్టెలు లెక్కపెట్టాను. పదకొండు.
"ము... ముందల నడిపి సూడండమ్మా.
డబ్బుల మాట తరవాత."

సంత దాటాను. అదే మలుపు.
అద్దంలో ఏదో లారీ.
తొక్కాను.
రోడ్డు ఎంత వెంటనే వచ్చేసిందంటే
నేనే సిద్ధంగా లేను.

పేపర్లు సీటుకి ఆనుకుని కూర్చున్నాయి.
పైనున్నది పైడితల్లిది.
ఆరో లెక్క సగం చేసి ఆపింది,
కింద నాలుగు గీతలంత చోటు వదిలి.