మాటకు పద్దెనిమిది రూపాయలు

నా బల్ల మీద రెండు వందల పన్నెండు మాటలు.
చమురు బావుల దగ్గర పనిచేసేవాళ్ల చేతిపుస్తకానికి
తెలుగు కట్టివ్వాలి, మాటకు పద్దెనిమిది రూపాయలు.
బోడుప్పల్‌లో మూడో అంతస్తు, మే మధ్యాహ్నం.
కింద గల్లీలో బోరు లారీ రాయిని కొరుకుతోంది.
ఎనిమిది వందల అడుగులు దాటినా
తెల్లటి పొడి తప్ప ఏమీ రాలేదు.
ఓనరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని
"ఇంకో వంద పోనియ్ బిడ్డా" అంటోంది.

డ్రై హోల్ అన్న మాటకు తెలుగు
కిటికీలోంచే వచ్చి పడింది:
"పడలే."

మిగతావి అంత తేలిగ్గా లొంగలేదు.
ఈ పేర్లు పెట్టినవాళ్లకు
ఇల్లు గుర్తొచ్చి ఉంటుంది, ఆకలేసి ఉంటుంది.
బావి మూతి మీద బిగించే కవాటాల గుత్తి
క్రిస్మస్ చెట్టట.
గొట్టంలో దూరి మకిలి గీకుతూ పోయేది పందట.
డ్రిల్లర్లు తలదాచుకునే రేకుల గది కుక్కగూడు.
ముడిచమురులో తీపి ఉంది, పులుపు ఉంది.
గ్యాసులోనూ పులుపుంది.
అది ముందు మురిగిన గుడ్డు వాసనేస్తుంది,
తర్వాత వాసన పట్టే ముక్కును చంపుతుంది,
ఆ తర్వాత ముక్కున్న మనిషిని.
'పుల్లటి వాయువు' అని రాసి
పులిహోర గుర్తొచ్చి కొట్టేశాను.

తెలిసినాయన ఒకరున్నారని నంబరిచ్చారు.
కూతురు ఎత్తింది:
"నాన్నకు ఫోనులో వినపడదండీ,
గురువారం కోఠీ చెవుల ఆస్పత్రికి వస్తాం, అక్కడికి రండి."

కొప్పిశెట్టి సత్తిరాజు.
ముప్పై ఒక్క ఏళ్లు రిగ్గుల మీద,
రాజోలు వైపు, నర్సాపురం వైపు.
జనరేటర్లు రెండు చెవులూ తినేశాయి.
బెంచీ మీద టోకెన్ పట్టుకుని కూర్చున్నారు.
ఓపీ చీటీ వెనక నేను మాట రాస్తే
చదివి, ఆస్పత్రంతా వినేట్టు జవాబు చెప్పారు.

ఫిష్ అని రాశాను.
"చేపండి, ఆయ్! బావిలో జారిపడ్డ ప్రతీదీ చేపేనండి.
పానా పడితే చేప, తెగిన గొట్టం చేప.
దానికోసం రాత్రుళ్లు వేటాడతామండి."
దొరక్కపోతే?
"సిమెంటు పోసేసి పక్కనించి తవ్వుకుపోటవే.
అదక్కడే ఉంటాది."
అని చెవి తడుముకున్నారు, దురదో ఏమో.

కిక్‌కు నా దగ్గర మాట సిద్ధంగా ఉంది,
ఎవరో పండితులు పంపింది: ఆకస్మిక ద్రవప్రవేశం.
పగలబడి నవ్వారు.
"ఇది పలికేలోపు రిగ్గు లేచిపోద్దండి!"
పోనీ 'తన్ను' అందామా?
"రాయొద్దు. గొంతు లేకుండా అనండి.
ఆ రొదలో ఎవడికీ వినపడదు, నోరు చూస్తాం."
అన్నాను.
"'నన్ను' అన్నారా? మిమ్మల్నేం చేశారమ్మా?"

నర్సు ఎవరినో పిలిచింది. ఆయన కాదు.
ఏం తోచక, పొద్దున పొయ్యి మీద గిన్నె గుర్తొచ్చి,
పెదాలు కలిపి, విడదీసి, చప్పుడు లేకుండా అన్నాను:
పొంగు.

సత్తిరాజు గారు సగం లేచిపోయారు.
కుడిచెయ్యి గాల్లోకి వెళ్లి
అక్కడ లేని మీట కోసం వెతికింది.
పక్కన కూర్చున్న పిల్లాడు తల్లిని గట్టిగా పట్టుకున్నాడు.
కాసేపటికి ఆ చెయ్యి తనదేనన్నట్టు
దాన్ని మెల్లగా ఒళ్లోకి తెచ్చుకున్నారు.

"అదెయ్యండి," అన్నారు, మొదటిసారి గొంతు తగ్గించి.

ఇంటికొచ్చేసరికి లారీ వెళ్లిపోయింది.
తొమ్మిది వందల ముప్పై దగ్గర
హ్యామరు ఇరుక్కుని తెగిందట, తీయలేక వదిలేశారట.
గుంత పక్కన ముక్కాలిపీట వేసుకుని
లెక్కలు చెప్పుకుని ఏడుస్తోంది ఓనరమ్మ.
పక్కన కూర్చున్నాను, ఏమనాలో తెలీక
"లోపల పడ్డ దాన్ని చేప అంటారు" అన్నాను.

ముక్కు తుడుచుకుని నా మొహంలోకి చూసింది.
"నీళ్లే లేవు గద బిడ్డా,
చేప ఏడికెళ్లి వచ్చింది?"