ఎత్తు సున్నా దగ్గర

పెట్టె మీద రాసి ఉంది: గంటకు రెండు వేల లీటర్లు.
మలక్‌పేట దుకాణంలో ముర్తుజా భాయ్ నవ్వాడు.
"అది ఎత్తు సున్నా దగ్గర లెక్క మేడమ్.
నాలుగడుగులు ఎక్కించి చూడండి,
సగం దారిలోనే దమ్ము పోతది."

ఎత్తు సున్నా దగ్గర
ఎవరు మాత్రం బలవంతులు కారు!

సముద్రానికి పదిహేడు వందల అడుగుల పైన
బోడుప్పల్‌లో, రెండో అంతస్తులో,
నేను సముద్రం పెట్టబోతున్నాను.
వంద లీటర్లు. మూడున్నర కిలోల ఉప్పు.
ఆర్వో నీళ్ళలో పోసి కర్రతో కలుపుతుంటే
వంటింట్లోంచి దామోదర్ అడిగాడు:
"ఆవకాయకా?"

నీళ్ళ సంగతి నాకు తెలియనిది కాదు.
పన్నెండేళ్ళుగా డయాలసిస్ వార్డులో
మనుషుల రక్తం బయటికి తీసి, వడకట్టి,
మళ్ళీ వాళ్ళకే అప్పజెప్పే ఉద్యోగం.
గొట్టంలో గాలిబుడగ ఎక్కడ నక్కుతుందో
నా వేళ్ళు చెబుతాయి.
అయినా మూడు పంపుల ముందు
మూడు వారాలు నిలబడ్డాను.

ఒకటి చవక.
చేతిలో పెడితే పాత గ్రైండరులా వణికింది.
ఒకటి జర్మనీది. ధర విని దామోదర్
నిద్రపోయే పిల్లని పడుకోబెట్టినట్టు
పెట్టెని మెల్లగా బల్ల మీద దించాడు.
మూడోది నల్లగా, పొట్టిగా, ఏ గొప్పా చెప్పుకోదు.
చెవి ఆనిస్తేనే ఉందని తెలుస్తుంది.

ఇక స్కిమ్మర్.
పప్పు పొంగితే గరిటెతో నురగ తీస్తామే, అదే పని.
సన్నటి బుడగల మీద మురికిని పైకి మోసి
కప్పులో పోస్తుంది.
తెల్లారేసరికి అడుగంటిన డికాషన్ రంగు,
మూసీ వాసన.
మంచినీళ్ళలో ఇది పనికిరాదన్నాడు భాయ్.
ఉప్పుంటేనే బుడగ నిలుస్తుందట,
నిలిస్తేనే మురికిని పట్టుకుంటుందట.
ఆ మాట నములుతూ
బస్సులో ఉప్పల్ దాటాను, టికెట్ తీసుకోవడం మరిచి.

మంగళవారం. ఏడో కుర్చీలో పోచయ్య తాత.
నాగర్‌కర్నూల్ నుంచి కోడికూత బస్సుకి వస్తాడు.
నాలుగు గంటలు ఏదో ఒకటి చెప్పాలి కదా,
పంపుల గురించి చెప్పాను.
సముద్రం ఎన్నడూ చూడని మనిషి
అంతా విన్నాడు.
పక్కనే తిరుగుతున్న తన మిషను వైపు
ఒకసారి చూసి,
"మరి కరెంటు వోతే?" అన్నాడు.

భాయ్ అడగలేదు ఆ మాట.
దామోదర్ అడగలేదు.
రోజంతా ఆ భయంతోనే పనిచేసే నేను కూడా.

మూడోదే తెచ్చాను.
మిగిలిన డబ్బుతో బ్యాటరీ మోటారు.
పైకెక్కే గొట్టానికి నీటిమట్టం కిందుగా
బియ్యపు గింజంత చిల్లు పెట్టించాను.
కింది తొట్టిలో జానెడు ఖాళీ వదిలాను.
ఖాళీని కూడా లీటర్లలో కొలవాల్సి వచ్చింది.

జూన్‌లో మొదటి గాలివాన.
ట్రాన్స్‌ఫార్మర్ పేలిన చప్పుడుకి కాదు,
పంపు ఆగిన నిశ్శబ్దానికి లేచాను.
సెల్‌ఫోన్ వెలుతురులో
పై నీళ్ళన్నీ వచ్చిన దారినే వెనక్కి,
కింది తొట్టి అంచు మీదికి.
నాలుగు వేళ్ళు.
మూడు.
రెండు.
చిల్లు గుర్రుమని గాలి పీల్చింది.
ఆగింది.

"ఇంకా చేపలే రాలేదు, ఎవరికోసమే?"
దుప్పట్లోంచి దామోదర్.
రాళ్ళ సందుల్లో కంటికి ఆనని వాళ్ళు
నెలరోజులుగా కాపురాలు పెట్టుకుంటున్నారు,
వాళ్ళ కోసం.
ఇంత వివరం అర్ధరాత్రి ఎవరికి చెప్పను,
బ్యాటరీ బుడగలు లెక్కపెడుతూ నేల మీదే కూర్చున్నాను.

శుక్రవారం, సూది కోసం చెయ్యి చాపుతూ
పోచయ్య తాత: "ఏమాయె?"
"అంచుకి రెండు వేళ్ళు మిగిలింది తాతా."
కాసేపు ఆలోచించాడు.
"సాలు బిడ్డా" అన్నాడు.