అర మార్కు

పుస్తకంలో గడ్డిని జింక తింటుంది, జింకని పులి.
రెండు బాణాలతో బొమ్మ ముగిసిపోతుంది.
సోంపేట దాటి బీల దాకా రండి:
జింకా లేదు, పులీ లేదు,
మోకాటి లోతు నీళ్ళు, తుంగ,
చెవి దగ్గర దోమ.

శనివారం మధ్యాహ్నం
తొమ్మిదో తరగతి నలభై ముగ్గుర్నీ గట్టెక్కించాను.
చెప్పులు చేత్తో పట్టుకుని దిగినవాళ్ళు
నా పాఠం నాకంటే ముందే చెప్పుకుపోయారు.

"అదిగో నత్తగుల్ల కొంగ, మేస్టారూ!
ముక్కు మద్దెన సందుంటాది సూడండి,
నత్తని నొక్కి లాగేస్తాది."
"ఒరే, జెర్రిపోతుని కొట్టకు,
మా అయ్య సూసినాడంటే నిన్ను కొడతాడు.
ఎలకలు సేనంతా కొరికీసినప్పుడు
నువ్వొచ్చి కాస్తావేటి?"

"విచ్ఛిన్నకారులు" అన్నాను, గొంతు పెంచి.
నోరు తిరక్క నవ్వారు.
మైలపల్లి ఎర్రయ్య ఒక్కడూ వంగి
పిడికెడు నల్లబురద తీసి
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"కుళ్ళిన తుంగ. ఈ కంపున్న మడిలోనే
ఊడుపు బాగా లేస్తాది" అన్నాడు.
నా పాఠ్య ప్రణాళికలో ఆ మాటకి గడి లేదు.

వెనక్కి వచ్చేటప్పుడు
తామాడ ఢిల్లీశ్వరి అడిగింది:
"మరి మనిసిని ఏటి తింటాది, మేస్టారూ?"
ఏదీ తినదమ్మా, అందరికంటే పైన మనమే అన్నాను.
ఆ పిల్ల సరే అనలేదు.
చెంప మీద చరుచుకుని
అరచెయ్యి చూసుకుంది.

పరీక్షలో ప్రశ్న:
మీ ప్రాంతపు ఆహారజాలకం గీయుము. నాలుగు మార్కులు.
ఢిల్లీశ్వరి పేపర్లో మనిషి పైన లేడు,
ఓ మూలకి, కప్ప పక్కన ఉన్నాడు.
మనిషి నుంచి దోమకి బాణం.
దోమ నుంచి తూనీగకి, తూనీగ నుంచి కప్పకి.
అంతవరకూ బాగుంది.
తుంగ నుంచి ఇంకోటి, వంకరగా, మార్జిన్ దాటి:
"మా నాన్నమ్మ".
నాన్నమ్మ నుంచి "సంత".
అక్కడ ఆగిపోయింది, టైం అయిపోయిందేమో.
తుంగని నాన్నమ్మ తినదు.
జవాబుల కాగితంలో అలాంటి బాణం లేదు.
అర మార్కు కోశాను.

ఆ రాత్రి కరెంటు పోయింది.
పేపర్ల కట్ట తలకింద పెట్టుకుని నేలమీద వాలాను.
వీపు కింద చల్లగా తుంగచాప,
మొన్న మంగళవారం సంతలో
ఎవరో ముసలమ్మతో
పది రూపాయల దగ్గర బేరమాడి కొన్నది.

టార్చి వేసి ఆ పేపరు వెతికాను.
సంత పక్కన నాకో గుండ్రం గీశాను, ఎర్ర సిరాతో.
లోపలికి బాణం వేయడం తేలికే.
నా నుంచి బయటికి పోయేది
ఎటు వేయాలి?

పెన్ను పట్టుకుని కూర్చున్నాను.
మోచేతి మీద దోమ వాలింది.
వెంటనే కొట్టలేదు.